ఊరంతా చూసిన డిస్క్ చెక్

మా ఆఫీసులో కంప్యూటర్‌కు జబ్బు చేస్తే ఆ సంగతి సూర్యాపేట మొత్తానికి తెలిసిపోయేది. దాచుకుందామన్నా కుదిరేది కాదు. రెండు వేల ఐదు, ఆరు ప్రాంతంలో నేనొక కేబుల్ టీవీ కంట్రోల్ రూములో పనిచేసేవాణ్ని. ఎరువుల దుకాణం మీద రెండు గదులు. మాకంటూ సొంత ఛానెల్ ఒకటుండేది. మధ్యాహ్నం ఒక సినిమా, రాత్రికి ఒకటి, నడుమ పుట్టినరోజు శుభాకాంక్షలు, బట్టల షాపుల ప్రకటనలు, తప్పిపోయిన వాళ్ల ఫోటోలు. ఇవన్నీ ఒకే ఒక్క కంప్యూటర్‌లోంచి వెళ్లేవి. దాని తెర మీద ఏముంటే ఇళ్లలో టీవీల మీద కూడా అదే. నేను మౌసు కదిపితే హీరో ముఖం మీద బాణం గుర్తు పాకేది. ఏదో ఫైలు కోసం వెతుకుతుంటే నా వెతుకులాటంతా ఆడవాళ్లు కూర ముక్కలు కోసుకుంటూ చూసేవాళ్లు.

కరెంటు పోవడం అప్పుడు మామూలే. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కొత్తది కొనమంటే మా ఓనరుకు చెవులు వినిపించేవి కావు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ నీలం తెర వేసుకుని కూర్చునేది. డిస్కును పరీక్ష చేస్తాను, వద్దనుకుంటే పది సెకన్లలో ఏదో ఒక మీట నొక్కు అని ఇంగ్లీషులో రాసుకొచ్చేది. నేను నొక్కేసేవాణ్ని. ఆలోచించేవాణ్ని కాదు, చెయ్యి దానంతటదే వెళ్లేది. పరీక్ష మొదలైతే ఇంత శాతం అయిందని తెర మీద అంకె పెరుగుతూ పోతుంది, ఎప్పటికి తెములుతుందో ఎవరికి తెలుసు? సినిమా ఆగితే ఫోన్లు మొదలవుతాయి. ఒకసారి చూసుకోకుండా వదిలేస్తే కింద టీ హోటల్లో అందరూ నన్ను ఆటపట్టించారు. "ఏందన్నా, ఇయ్యాల నీ ఛానెల్ల స్కోరు ముప్పై రెండు కాడనే ఆగింది? ఎవరు ఔటైండ్రు?" అని ఒకడు. టీ గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ.

అలా వారాల తరబడి పరీక్షను దాటవేస్తూ పోతే డిస్కు ఊరుకుంటుందా? సినిమాలు మధ్యలో బిగుసుకుపోవడం మొదలైంది. ఒక రాత్రి సరిగ్గా క్లైమాక్స్‌లో విలన్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మా ఓనరుది కోదాడ. అక్కడ కూడా ఆయనకు కేబుల్ ఉంది. తెల్లవారగానే ఫోన్ చేశాడు. "ఏంటయ్యా, నిద్దరోతున్నావా అక్కడ? జనం నన్ను తిడుతున్నారు. నీకు చేతకాకపోతే చెప్పు, ఇంకొకణ్ని చూసుకుంటాను." ఆ కోపం మధ్యాహ్నం దాకా తగ్గలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో, మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసం. చేతిలో మందుల కవరు, ఒక ఫోటో. త్రిపురారం పక్కన పల్లెటూరు వాళ్లది. గొర్రెలు కాసుకునే కుటుంబం. తండ్రిని కళ్ల దవాఖానకు తీసుకొచ్చింది.

"చుక్కల మందు కొందామని దుకాణం కాడ ఆగిన సారూ. పైసలిచ్చి తిరిగి సూసేసరికి లేడు. మా నాయినకు మతి జర తక్వ. ఊకె గొర్లు యాడ, గొర్లు యాడ అంటడు. పోయినేడు ఆయన మందను మిర్యాలగూడ బేరగాళ్లకు అమ్మినం. గది యాది ఉండదు ఆయనకు. గీ ఫోటో టీవీల ఏస్తరని దవాఖానోళ్లు జెప్పిండ్రు."

ఫోటో ఆమె పెళ్లినాటిది. గుంపులో ఒక మూలకు నిలబడ్డ మనిషిని వేలితో చూపించింది. అప్పటికింకా నడివయసు. స్కాన్ చేసి, ముఖం వరకు కోసి, కింద మా ఆఫీసు నంబరు వేసి, నడుస్తున్న సినిమా ఆపి ఛానెల్లో పెట్టాను. అంతవరకు నేను మంచివాణ్నే. పెట్టిన కాసేపటికే కరెంటు పోయింది.

వచ్చాక నీలం తెర మళ్లీ వచ్చి అదే ప్రశ్న అడిగింది. చెయ్యి కీబోర్డు మీదికి వెళ్లింది. వెళ్లి ఆగింది. పొద్దున ఓనరు తిట్టిన తిట్లు గుర్తొచ్చాయి. రాత్రికి కొత్త సినిమా వేయాలి, అది కూడా బిగుసుకుంటే నా ఉద్యోగం ఉండదు. ఈ ఒక్కసారి పరీక్ష కానిద్దాం, ఫోటో ఒక పావుగంట ఆలస్యమైతే ఏమవుతుందిలే అనుకున్నాను. పోయింది ఆమె తండ్రి, నా తండ్రి కాదు కదా. అంత మాట ఆనాడు మనసులో అనుకోలేదు గాని, చేసిన పనికి అర్థం మాత్రం అదే.

పావుగంటలో అది పది శాతం కూడా దాటలేదు. పాడైన చోటు తగిలినట్టుంది, ఒక్కో అంకెకు చచ్చే అంతసేపు తీసుకుంటోంది. మీట నొక్కే వేళ దాటిపోయింది. మధ్యలో ఆపేస్తే ఉన్నది కూడా పోతుందని భయం. ఇక ఫోన్లు మొదలు. సినిమా ఏది, సినిమా ఏది అని ఒకటే పోరు. ఫోన్ మోగినప్పుడల్లా ఆమె బల్ల మీద నుంచి సగం లేచేది, తండ్రి కబురేమోనని.

గదిలో ఆమెకు ఎదురుగా టీవీ ఉంది. అందులో నీలం తెర, పెరుగుతున్న అంకె.

"గిదేంది సారూ? ఏమన్న ఎతుకుతున్నదా?" అంది.

నేను ఇంకెవరికో ఫోన్లో సమాధానం చెబుతున్నాను. "ఆఁ, ఎతుకుతున్నది" అన్నాను చిరాగ్గా. అది అబద్ధం కూడా కాదు. డిస్కులో పాడైన చోట్లను వెతుకుతోంది కదా.

"మా నాయిననా?"

అప్పుడైనా చెప్పొచ్చు. అమ్మా, మీ నాయన ఫోటో ఇప్పుడు ఛానెల్లో లేదు, నా కంప్యూటర్‌కు రిపేరు నడుస్తోంది, నువ్వు వెళ్లి నీ వెతుకులాట చూసుకో అని. చెబితే ఏమంటుందో? కిందికి వెళ్లి ఏడుస్తుందేమో, నలుగురినీ వెంటబెట్టుకుని వస్తుందేమో. ఇవన్నీ ఒక్క క్షణంలో బుర్రలో తిరిగాయి. "ఆఁ" అన్నాను.

ఆమె ముఖం విచ్చుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, బల్ల మీద సర్దుకుని కూర్చుంది. అంకె వైపు చూపు తిప్పకుండా చూడటం మొదలుపెట్టింది. దానికి దండం పెట్టలేదు గాని, పెట్టినంత పని చేసింది.

కాసేపటికి, "ఉత్తగ కూసునుడెందుకు సారూ, బస్టాండ్ల కండక్టర్లను అడిగిరానా?" అంది. ఎంత తెలివైన మాట! ముసలాయన ఎక్కితే తమ ఊరి దిక్కు పోయే బస్సే ఎక్కుతాడు. నిజంగా అదే జరిగిందని తర్వాత తెలిసింది. నేనేమన్నానో తెలుసా? "నువ్వు గాడికి పోయినంక ఫోన్ వస్తే ఎట్లక్కా? మనిషిని గుర్తు పట్టాల్నంటే నువ్వే ఉండాలె. కూసో." ఫోటోనే ఛానెల్లో లేనప్పుడు ఫోన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

అంకె నూరుకు చేరింది. చేరి, మళ్లీ సున్నాకు వచ్చింది. ఆ పరీక్ష మూడు దశల్లో నడుస్తుంది, ఒక్కో దశా మొదటి నుంచి లెక్కపెడుతుంది. ఆమె గాబరాపడి లేచి నిలబడింది.

"అయ్యో, మల్ల మొదటికొచ్చిందేంది?"

"సూర్యాపేట అయిపోయింది. ఇప్పుడు కోదాడ" అన్నాను.

సిగ్గులేని నోరు. తడుముకోకుండా వచ్చింది. కోదాడ కూడా అయిపోయి మూడోసారి సున్నా వచ్చినప్పుడు ఆమే అడిగింది, "ఇగ మిర్యాలగూడనా?" అని. "అదే" అన్నాను. "మా తొవ్వే గది" అని సంతోషపడింది.

పరీక్ష ముగియగానే ఫలితం తెర మీద మెరుపులా వచ్చింది, చదివేలోపే కంప్యూటర్ తనంతట తాను మళ్లీ మొదలైంది. "ఏమో రాసింది సారూ! మాయమైంది! ఏం రాసింది?" అని ఆమె నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడింది. ఆ ఫలితం కంప్యూటర్‌లో ఒక చోట దాచి ఉంటుంది, వెతికి తెరిచాను. మొత్తం చోటు ఇంత, ఫైళ్లు ఇన్ని, పాడైన చోటు ఇంత, సరిచేయడం అయింది. అన్నీ అంకెలే. ఆమె వేలు తెరకు తగిలేంత దగ్గరగా పెట్టి ఒక్కో వరస కిందికి జరిపింది.

"గిండ్ల మా నాయిన యాడున్నడు?"

నా చెమట వాసన నాకే తెలిసింది. ఇప్పుడు నిజం చెబితే ఇంతసేపు ఆమెను కూర్చోబెట్టినందుకు ఏం జవాబు చెప్పాలి? గొర్రెలను మిర్యాలగూడ బేరగాళ్లకు అమ్మామని ఆమే చెప్పిన మాట తలలో మెదిలింది. "మిర్యాలగూడ దిక్కు పోయినట్టున్నది అక్కా. జల్ది పో" అన్నాను. ఆమె మెట్లు దిగిన చప్పుడు కూడా వినిపించలేదు, అంత వేగంగా వెళ్లింది. ఆమె వెళ్లాకనే ముసలాయన ఫోటో మళ్లీ ఛానెల్లో వేశాను.

ఆ రాత్రి కొత్త సినిమా ఎక్కడా ఆగకుండా నడిచింది.

మరునాడు ఆమే ఫోన్ చేసింది. దొరికాడు! మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు వెనకాల ఊక కుప్ప మీద పడుకుని ఉన్నాడట. అరికాళ్లు బొబ్బలెక్కాయి, రాత్రంతా చలికి వణికాడు, మిల్లులో పనిచేసే ఆడవాళ్లు ఇంత అన్నం పెట్టారు. ఒక్క నిమిషం నా కంప్యూటర్ మీద నాకే నమ్మకం కలిగింది, దేవుడి మీద ఒట్టు. తర్వాత నెమ్మదిగా బుద్ధి వచ్చింది. ఆమె నా బల్ల మీద కూర్చోకుండా బస్టాండుకు పోయి ఉంటే ఆ ముసలాయన రాత్రికి ఇంట్లో పడుకునేవాడు.

కొద్ది రోజులకు పెరుగు క్యాను పట్టుకుని వచ్చింది. ఇప్పుడు నేను సారును కాను. "తమ్మీ, మీ పెండ్లాం పిల్లలకు పెట్టు. మా ఊరంత నీ ముచ్చటే. కంప్యూటర్ల మూడూర్లు గాలిచ్చి పట్టిండని జెప్పిన" అంది. నాకు అప్పటికి పెళ్లే కాలేదు. నిజం చెబుదామని నోరు తెరిచాను. ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు చూసి క్యాను అందుకున్నాను. పెరుగు తిన్నాను. గడ్డ పెరుగు, మీద చేతి మందం మీగడ, అంత కమ్మటిది నేనెన్నడూ తినలేదు. అదే నాకు ఇంకా మంట.

ఆ ముచ్చట ఎంత దూరం పోయిందో తర్వాత తెలిసింది. ఒకరోజు వాళ్ల ఊరి దిక్కు నుంచే ఒకాయన వచ్చి బర్రె తప్పిపోయింది, వెతికించమన్నాడు. బర్రె ఫోటో లేదు గాని దాని కొమ్ము ఎలా వంకరగా ఉంటుందో చెయ్యితో చూపించాడు. కోపం నషాళానికెక్కింది. "అది ఎతుకుడు కాదయ్యా! కంప్యూటర్ రిపేరు! మనుషులనూ ఎతకదు, బర్లనూ ఎతకదు!" అని అరిచాను. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "మావోళ్ల ముసలాయన్ను ఎతికిస్తివి. మా బర్రె తక్వైందా?" అని వెళ్లిపోయాడు. ఆయనకు చెప్పిన నిజం ఆమెకు చెప్పాలని ఆనాడే అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

తరువాతి ఎండాకాలం. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటున్న రోజులు. మధ్యాహ్నం సినిమా వేసి కునుకు తీస్తుంటే తలుపు చప్పుడైంది. ఆమే. ముఖమంతా చెమట, దుమ్ము, కళ్లు లోపలికి పోయాయి.

"తమ్మీ, నాయిన మల్ల పోయిండు. పొద్దుగాల లేసి సూస్తే మంచంల లేడు."

చేతిలో కొత్త ఫోటో. స్టూడియోలో తీయించింది. తెల్ల చొక్కా గుండీలు మెడ దాకా పెట్టి, తల దువ్వి, కుర్చీలో కూర్చోబెట్టి. "పోయినసారి ఫోటో మంచిగ లేకుండె గద, నీకు కష్టమైంది. అందుకే మల్ల ఎన్నడన్న అవసరం పడ్తదని తీపిచ్చి పెట్టిన" అంది.

"పొద్దుగాల పోతే ఇప్పటి దాక ఏం జేసినవ్? ఊర్ల ఎతికిండ్రా?" అన్నాను.

"ఇంటాయన తన మందతోని దూరం పోయిండు. ఊరోళ్లు ఎతుకుతమన్నరు. నేనే వద్దన్న తమ్మీ. ఎండల మీరెందుకు పరేషానైతరు, సూర్యాపేటల మా తమ్ముడున్నడు, ఒక్క ఘడియల జెప్తడని జెప్పి బస్సెక్కిన. ఫోన్ల జెప్తే నీకు ఫోటో ఎట్ల తెల్వాలె? జర ఆ నీలం బొమ్మ పెట్టు."

త్రిపురారం నుంచి మిర్యాలగూడ, అక్కడి నుంచి ఇంకో బస్సు. మండే ఎండలో ముసలాయన ఎక్కడ పడి ఉన్నాడో, ఒక్క మనిషి కూడా వెతకడం లేదు. నా మాట మీద.

చెప్పేశాను. అన్నీ చెప్పాను. "అక్కా, అది ఎతుకదు. అది కంప్యూటర్ పాడైతే చూసుకునే పరీక్ష. ఆనాడు నేను అబద్ధమాడిన. మిర్యాలగూడ అని ఊహ మీద జెప్పిన. ఫోటో కూడా నువ్వు పోయినంకనే ఏసిన. నా తప్పే, నన్ను చెప్పుతో కొట్టు. కాని ఇప్పుడు జల్ది ఇంటికి పో, ఊరోళ్లను లేపి ఎతికించు."

ఆమె కొట్టలేదు. కొట్టినా బాగుండేది. నా ముఖం వైపు అయోమయంగా చూసింది. తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏం తప్పు జేసిన తమ్మీ? మల్ల పెరుగు తేలేదనా? జీవాలన్ని ఇంటాయనతోని పోయినయ్ గద, యాడికెల్లి తేవాలె? గిట్లెందుకు మాట్లాడుతున్నవ్? పోయినసారి పెడ్తివి గద!" అని నా రెండు చేతులూ పట్టుకుంది. నేను నిజం చెబుతుంటే ఆమెకు నేను సాయం చేయను పొమ్మంటున్నట్టు వినిపిస్తోంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. "పెడితేనే పోత, మొదలైతేనే పోత" అని బల్ల మీద కూర్చుంది. ఒక్కో నిమిషం గడుస్తోంది. నేను అరిచాను, బతిమాలాను, ఏడుపొచ్చింది. ఆమె కదల్లేదు. ఊళ్లోకి ఫోన్ చేద్దామంటే ఆమెకు ఒక్క నంబరూ నోటికి రాదు.

ఇంకేం చేయను? సినిమా ఆపేశాను. డిస్కును పరీక్షించమని ఆదేశమిచ్చి కంప్యూటర్‌ను మళ్లీ మొదలుపెట్టాను. నీలం తెర వచ్చింది. పది సెకన్లూ ఏ మీటా నొక్కలేదు. అంకె కదిలింది. "ఇగో, మొదలైంది. ఇది గిట్లనే నడుస్తది. నువ్వు ఇంటికి పోయి ఊరోళ్లతోని చెలకలు, కాల్వ గట్టు అన్నీ చూపియ్యి. జల్ది!" అన్నాను. ఆమె తెరకు చేతులెత్తి మొక్కింది. ఆమెను బండి మీద ఎక్కించుకుని బస్టాండుకు తీసుకెళ్లాను. బస్సు కదిలేదాకా నిలబడ్డాను. ఆమెతో పాటు ఎక్కాల్సింది. ఛానెల్ వదిలేసి వస్తే ఓనరు ఏమంటాడో అని ఎక్కలేదు. చూశారా, అప్పుడు కూడా.

నేను తిరిగొచ్చేసరికి పరీక్ష ముగిసిపోయింది. ఈసారి డిస్కు బాగానే ఉంది మరి, ఎంతసేపు పడుతుంది? ఫలితం తెరిచి చూశాను. ఏ లోపమూ కనిపించలేదని రాసి ఉంది. ఫోన్ మోగింది, ఓనరు. "పిచ్చెక్కిందా నీకు? మంచి సినిమా నడుస్తుంటే నీలం బొమ్మేంటయ్యా?" సినిమా పెట్టేశాను. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలైంది.

పొద్దు గూకుతుండగా ఆమె ఫోన్ చేసింది. చుట్టూ మనుషుల ఏడుపులు, గోల.

"దొరికిండు తమ్మీ. మన ఊరి కాల్వ తూము కాడనే. ఇంటికి గింత దూరం లేదు. ఎండకు పడిపోయిండు. పగటీలి దాక పానమున్నట్టుందని అంటున్నరు." పక్కన ఎవరినో ఊరుకోమని మళ్లీ ఫోన్లోకి వచ్చింది. "మనిషి లేడు తమ్మీ."

పగటిపూట. అంటే ఆమె నా చేతులు పట్టుకుని బతిమాలుతున్నప్పుడు. ఆ లెక్క ఆమె కట్టలేదు, నేనే కట్టాను. వెనక టీవీలో హీరో హీరోయిన్లు ఏదో పాట పాడుతున్నారు. ఆమెకు ఎక్కడ వినిపిస్తుందోనని గబుక్కున చెయ్యి చాచి సౌండు తగ్గించాను.

"ఇగ ఆపు తమ్మీ" అంది ఆమె. "పగటీలి సంది మా కోసమని ఊరందరికి సినిమా లేకుండ జేస్తివి. నిన్ను తిడ్తున్నరో ఏమో. దొరికిండు గద, ఇగ ఆపు."

"ఆపుతున్న అక్కా" అన్నాను.